42, 410, 250: ఒకే ఉక్కుకు మూడు అంకెలు

బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక పాత రైసు మిల్లులో, ధాన్యం బస్తాలు నిలవ చేసుకోవడానికి ఇనుప బీముల మీద రెండో అంతస్తు వేయాలని యజమాని నన్ను పిలిపించారు. మిల్లు కట్టిన నాటి బ్లూప్రింటును ఆయన బీరువాలోంచి తీసి బల్ల మీద పరిచారు. మడతలన్నీ చినిగి, ఉమ్మకు మచ్చలు పడిన ఆ కాగితం కుడివైపు అడుగున ‘ఉక్కు: ఎస్‌టి 42-ఎస్, ఐఎస్ 226’ అని చేతిరాతలో ఉంది (ఐఎస్ అంటే భారతీయ ప్రమాణం). కొత్త పనికి ఫ్యాబ్రికేటర్, అంటే ఉక్కును కోసి అతికి బిగించే పనివారు, ఇచ్చిన కొటేషన్‌లో మాత్రం ‘ఇ 250’ అని ఉంది. పనిలో ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న ఆ ఫ్యాబ్రికేటరే నన్ను అడిగారు: “సార్, మేం పని నేర్చుకునేటప్పుడు 410 అనేవాళ్లు, ఇప్పుడు 250 అంటున్నారు. ఇనుము నాణ్యత దించేసినట్టే గదా?”

ఈ అనుమానం ఆయన ఒక్కరిదే కాదు. నెల్లూరులోనూ ఒంగోలులోనూ సైటుకు వెళ్లిన ప్రతిచోటా ఏదో ఒక రూపంలో ఇది వినిపిస్తూనే ఉంది కాబట్టి, దీన్ని వివరంగా రాయడం అవసరమనిపించింది.

ఉక్కు ముక్కను యంత్రంలో బిగించి లాగితే, మొదట కొంత దూరం వరకు అది రబ్బరులాగా ప్రవర్తిస్తుంది, అంటే లాగుడు వదలగానే యథాస్థితికి వస్తుంది. ఒక హద్దు దాటాక సాగినది సాగినట్టే ఉండిపోతుంది. ఆ హద్దునే ఈల్డ్ అంటాం. ఇంకా లాగుతూ పోతే అది భరించగలిగిన గరిష్ఠ బలం దగ్గరికి చేరి, సన్నబడి తెగిపోతుంది. ఎస్‌టి 42లోని 42, చదరపు మిల్లీమీటరుకు కిలోల లెక్కన ఆ గరిష్ఠ బలం. కిలోల లెక్క పోయి న్యూటన్లు వచ్చినప్పుడు 42ను 9.81తో హెచ్చవేస్తే సుమారు 412 వస్తుంది గనుక, దాన్ని సవరించి ఎఫ్‌ఈ 410 అన్నారు (ఎఫ్‌ఈ అనేది ఇనుముకు రసాయన గుర్తు). 2006లో నిర్మాణ ఉక్కు ప్రమాణమైన ఐఎస్ 2062ను సవరించినప్పుడు పేరును గరిష్ఠ బలం మీద కాక ఈల్డ్ మీద పెట్టాలని నిర్ణయించి, అదే ఉక్కును ఇ 250 అని పిలిచి, పక్కన ఎఫ్‌ఈ 410 అని పాత పేరును కూడా ఉంచారు. 2011 సవరణతో పాత పేరు తొలగిపోయింది. ఇ 250 ఉక్కుకు గరిష్ఠ బలం ఈనాటికీ కనీసం 410 మెగాపాస్కల్స్, అంటే చదరపు మిల్లీమీటరుకు 410 న్యూటన్లు, ఉండవలసిందే. డిజైన్ చేసేవాళ్లకు ముందుగా కావలసింది ఈల్డే కాబట్టి ఈ మార్పు సరైనదేనని నా అభిప్రాయం. అయితే ఆ 250 కూడా 20 మిల్లీమీటర్ల లోపు మందానికే వర్తిస్తుంది. 20 నుంచి 40 వరకు 240, ఆపైన 230 మాత్రమే.

గందరగోళానికి మరో కారణం కాంక్రీటు కమ్మీలు. ఇల్లు కట్టుకునే ప్రతివారికీ ఎఫ్‌ఈ 500 అనే మాట తెలుసు. ఐఎస్ 1786 ప్రకారం ఆ 500 మొదటి నుంచీ ఈల్డే. ఒకే ఎఫ్‌ఈ అక్షరాల పక్కన కమ్మీకి ఈల్డును, బీముకు గరిష్ఠ బలాన్ని ఏళ్ల తరబడి రాసుకుంటూ వచ్చాం కాబట్టి, కమ్మీ 500, బీము 410 అని పక్కపక్కన పెట్టి పోల్చడం అందరికీ అలవాటైపోయింది.

ఆ మిల్లులో అసలు చిక్కు దీని తర్వాత వచ్చింది. ఇ 350 గ్రేడు బీము దొరుకుతుందని తెలుసుకున్న యజమాని, గ్రేడు పెంచితే ఎంబి 300 (300 మిల్లీమీటర్ల లోతున్న ఐ ఆకారపు బీము) బదులు 250 లోతున్న ఎంబి 250 సరిపోతుంది కదా, మీటరుకు ఏడెనిమిది కిలోలు మిగులుతాయి కదా అన్నారు. బలం వరకే చూస్తే ఆయన మాట అక్షరాలా నిజం. ఉక్కు కట్టడాల డిజైన్ కోడ్ ఐఎస్ 800:2007 ప్రకారం, బీము పై పట్టీకి (ఫ్లాంజికి) పక్క ఊతం ఉన్నప్పుడు, ఇ 250లో ఎంబి 300, ఇ 350లో ఎంబి 250 దాదాపు ఒకే వంపుబలాన్ని, అంటే 148 కిలోన్యూటన్ మీటర్లను ఇస్తాయి. కానీ బీము ఎంత కుంగుతుందనేది గ్రేడు మీద ఆధారపడదు. ఉక్కు ఏ గ్రేడుదైనా దాని స్థితిస్థాపక గుణకం, అంటే సాగకుండా ఎదురునిలిచే బిగువు, 2 లక్షల మెగాపాస్కల్సే. కుంగుడును తగ్గించేది బీము లోతు. మా స్పాను, అంటే ఊతాల మధ్య దూరం, 6 మీటర్లు, కోడ్ అనుమతించే కుంగుడు స్పానులో 300వ వంతు, అంటే 20 మిల్లీమీటర్లు. బస్తాల బరువుకు ఎంబి 300 నడిమధ్యన 14 మిల్లీమీటర్లు కుంగుతుండగా, ఎంబి 250 అదే బరువుకు 24 మిల్లీమీటర్లు కుంగుతుంది. విరగదు, నిజమే; కానీ రోజంతా హమాలీలు బస్తాలు మోసుకుంటూ నడిచే అంతస్తు కాళ్ల కింద ఊగుతుంటే, దాన్ని కట్టించిన నేను ఆ మిల్లు గడప తొక్కలేను. పొట్టి స్పాన్ల మీద పెద్ద బరువులు పడేచోట, అలాగే త్రిభుజాల అల్లికగా కట్టే ట్రస్సులలో లాగుడు పడే ముక్కలకు ఇ 350 ఎంతో మేలు చేస్తుంది. ఇక్కడ మాత్రం ఎంబి 300నే ఉంచమని చెప్పాను.

కొత్త బీములను పాత స్తంభాలకు అతకడం ఇంకో ప్రశ్న. ఐఎస్ 226 ఉక్కును ప్రధానంగా రివెట్లు, బోల్టుల పనిని మనసులో పెట్టుకుని నిర్దేశించారు. వెల్డింగ్‌కు అనువైన ఉక్కుగా మొదట వేరుగా ఉన్నది ఐఎస్ 2062. అందుకని పాత స్తంభం పైకొసన, బరువు పడని చోట అరచేయంత ముక్కను కోయించి పరీక్షకు పంపాను. కోసిన అంచు బూడిదరంగులో నిగనిగలాడుతూ, పొరలు లేకుండా ఉంది. వారం తర్వాత వచ్చిన ఫలితంలో కార్బన్ దాని హద్దైన 0.23 శాతం లోపే ఉంది, గంధకం, భాస్వరం కూడా హద్దు దాటలేదు. అయినా ప్రధానమైన అతుకులను బోల్టులతోనే వేయించి, వెల్డింగ్‌ను క్లీట్లనే చిన్న ఊత ముక్కలకు పరిమితం చేశాను.

సరుకు దిగిన రోజు, ఉక్కు మిల్లు ఇచ్చిన టెస్ట్ సర్టిఫికెట్‌లోని హీట్ నంబరును (ఏ కొలిమి విడతలో కరిగించిన ఉక్కో చెప్పే అంకెను) బీము మీద గుద్దిన అంకెలతో ఫ్యాబ్రికేటరే ఒక్కొక్కటిగా సరిచూసుకున్నారు. సర్టిఫికెట్‌లో ఈల్డు గడి కింద 287, గరిష్ఠ బలం గడి కింద 438 కనిపించగానే, “410కి పైనే ఉంది సార్” అని సుద్దముక్కతో ఆ రెండు అంకెలనూ మొదటి బీము వెబ్బు (మధ్యనుండే నిలువు పలక) మీద రాశారు.