రెండో కాఫీ ఎవరికి?
నాలుగు నెలలుగా రాత్రి అన్నం తిన్నాక రోజూ ఒక ఇటాలియన్ వీడియో చూస్తున్నా. వ్యాకరణ పాఠాలు కావు. సంతలో బేరం, బస్సు టికెట్, బార్‌లో కాఫీ. అక్కడ బార్ అంటే పొద్దున్నే కౌంటర్ దగ్గర నిలబడి కాఫీ తాగే చోటని వాటివల్లే తెలిసింది.

మన గడి, గడ్డి లాగే అక్కడా ఒత్తుతో అర్థం మారిపోతుంది: నోనో అంటే తొమ్మిదోది, నొన్నో అంటే తాతయ్య. మన నోటికి ఈ ఒత్తులు కొత్త కాదు, అదెంత హాయో!

నిన్నటి వీడియో ఇటలీలోని నేపుల్స్ నగరం గురించి. ఒకాయన ఒక కాఫీ తాగి రెండింటికి డబ్బులిచ్చాడు. రెండోది, కొనుక్కోలేని ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి. దాన్ని 'కఫ్ఫె సొస్పేసొ' అంటారు. సబ్‌టైటిల్స్ లేకుండానే అర్థమైంది. కళ్లు చెమర్చాయి. ఆ ముక్క మళ్లీ వెనక్కి తిప్పి విన్నాను.