ప్రశ్న ఆలస్యంగా ఎందుకొస్తుంది: హాస్కెల్‌లో బఫరింగ్, ప్రొఫైలింగ్

హాస్కెల్ కోడ్‌ని అప్పటికప్పుడు నడిపి చూపే జీహెచ్‌సీఐలో బుద్ధిగా నడిచిన ప్రోగ్రామ్ కంపైల్ చేయగానే మొండికేస్తుంది. తెర మీద రాసే పుట్‌స్టర్‌తో "మీ పేరు: " అని రాసి, కింద ఒక లైన్ చదివే గెట్‌లైన్ పెడతాం. రన్ చేస్తే స్క్రీన్ మీద ఏమీ లేదు. గుడ్డిగా పేరు కొట్టి ఎంటర్ నొక్కాక, అప్పుడొస్తుంది ఆ ప్రశ్న, జవాబు లైన్‌కి అతుక్కుని.

బఫరింగ్ అంటే అవుట్‌పుట్‌ని వెంటనే పంపకుండా మెమరీలో పోగేసి ఒకేసారి పంపడం. జీహెచ్‌సీఐ అవుట్‌పుట్‌కి బఫరింగ్ తీసేస్తుంది. కంపైలైన ప్రోగ్రామ్‌లో మాత్రం ఎదురుగా టెర్మినల్ ఉంటే లైన్ బఫరింగ్ (లైన్ ముగిశాక పంపడం), పైపో ఫైలో ఉంటే బ్లాక్ బఫరింగ్ (బఫర్ నిండాక పంపడం). చివర న్యూలైన్ లేని ప్రశ్న బఫర్‌లోనే ఉండిపోతుంది. లైనక్స్‌లో సీ రాసి వచ్చినవాళ్లు ఇక్కడే తికమకపడతారు. అక్కడ గ్లిబ్‌సీ అనే సీ లైబ్రరీ కీబోర్డు నుంచి చదవబోయే ముందు అవుట్‌పుట్‌ని తనే ఫ్లష్ చేస్తుంది, అంటే బఫర్‌లో ఉన్నది బయటికి పంపేస్తుంది. హాస్కెల్ ఆ పని చేయదు, మనమే చేయాలి: పుట్‌స్టర్ అయిన వెంటనే హెచ్‌ఫ్లష్ ఎస్‌టీడీఅవుట్ (ఎస్‌టీడీఅవుట్ అంటే ప్రోగ్రామ్ అవుట్‌పుట్ వెళ్లే దారి). సిస్టమ్.ఐఓ ఇంపోర్ట్ చేసుకుంటే చాలు.

చాలామంది దీనికి బదులు మెయిన్ మొదట్లోనే ఎస్‌టీడీఅవుట్‌కి నోబఫరింగ్ పెట్టేస్తారు. దయచేసి అది వద్దు. నోబఫరింగ్‌లో పుట్‌స్టర్ స్ట్రింగ్‌ని ఒక్కో అక్షరంగా బయటికి పంపుతుంది, అక్షరానికో రైట్ సిస్టమ్ కాల్ (రాయమని ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడగడం). 80 అక్షరాల లైన్‌కి 80 కాల్స్. అలాంటి లైన్లు 10,000 ఉంటే 8 లక్షలు. సిస్టమ్ కాల్స్‌ని గమనించే స్ట్రేస్‌కి -సి ఇచ్చి నడిపితే ఆ లెక్క కళ్ల ముందుంటుంది.

ఇన్‌పుట్ వచ్చే దారి ఎస్‌టీడీఇన్ సంగతి వేరు. ఒక్క కీ నొక్కగానే స్పందించాలంటే అక్కడ నోబఫరింగ్ కావాల్సిందే, నొక్కిన అక్షరం కనపడకూడదంటే హెచ్‌సెట్‌ఎకో ఫాల్స్ కూడా. కానీ అప్పుడు టెర్మినల్ లైన్ ఎడిటింగ్ మానేస్తుంది. అదే మోడ్‌లో గెట్‌లైన్ పిలిస్తే బ్యాక్‌స్పేస్ చెరపదు, స్ట్రింగ్‌లో ఇంకో అక్షరంగా చేరుతుంది. ఒక్క అక్షరం చదివే గెట్‌చార్ పని అయ్యాక లైన్‌బఫరింగ్‌కి తిప్పేయండి. మామూలుగా ముగిసిన ప్రోగ్రామ్ టెర్మినల్‌ని పాత స్థితికి తెస్తుంది. బలవంతంగా ఆపే కిల్ -9 కొడితే తేలేదు, అప్పుడు షెల్‌లో ఎస్‌టీటీవై సేన్ అని కొట్టాలి.

ఇక "ప్రోగ్రామ్ స్లో" అని ప్రొఫైల్ చేసే (ఏ భాగానికి ఎంత సమయం పడుతోందో కొలిచే) ముందు, మామూలు బిల్డ్‌నే హాస్కెల్ రన్‌టైమ్‌కి ఇచ్చే +ఆర్‌టీఎస్ -ఎస్ ఆప్షన్‌తో నడపండి. మ్యూట్ టైమ్ (ప్రోగ్రామ్ సొంత పనికి పట్టిన సమయం) వరుసలో రెండు అంకెలుంటాయి. సీపీయూ 0.02 సెకన్లు, ఎలాప్స్‌డ్ (గడియారంలో గడిచినది) 12 సెకన్లు అని వస్తే ప్రోగ్రామ్ మీ టైపింగ్ కోసం ఎదురుచూస్తోందంతే. అలా ఎదురుచూసిన సమయం ప్రొఫైలర్ లెక్కలోకి రాదు. అందుకే ఇన్‌పుట్‌ని ఫైల్‌లో పెట్టి రీడైరెక్ట్ చేసి కొలవండి. అవుట్‌పుట్‌ని కూడా మళ్లిస్తే లైన్ బఫరింగ్ బ్లాక్ బఫరింగ్ అవుతుందని మరవద్దు. టెర్మినల్ మీద ఉన్న ఖర్చు ఆ కొలతలో కనపడదు.

ప్రొఫైల్ బిల్డ్‌కి -ప్రాఫ్ ఇవ్వాలి. ఉబుంటులో హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీని ఆప్ట్‌తో వేసుకున్నవాళ్లకి జీహెచ్‌సీ-ప్రాఫ్ ప్యాకేజీ లేకపోతే ప్రెల్యూడ్ (హాస్కెల్ మూల మాడ్యూల్) దొరకలేదని ఎర్రర్ వస్తుంది. -ఎఫ్‌ప్రాఫ్-ఆటో చిన్న ఫంక్షన్లకి కూడా కాస్ట్ సెంటర్ (ఖర్చు లెక్కపెట్టే గుర్తు) తగిలించి ఇన్‌లైనింగ్‌ని (ఫంక్షన్ కోడ్‌ని పిలిచిన చోటే పెట్టేయడాన్ని) అడ్డుకుంటుంది, అంకెలు తప్పుదారి పట్టిస్తాయి. జీహెచ్‌సీ 9.4 నుంచి -ఎఫ్‌ప్రాఫ్-లేట్ ఉంది. ఆప్టిమైజేషన్ అయ్యాకే సెంటర్లు పెడుతుంది కాబట్టి నేను ముందు దాన్నే వాడమంటాను.

+ఆర్‌టీఎస్ -పితో నడిపాక ఫలితాలుండే .ప్రాఫ్ ఫైల్ ఖాళీగా ఉందంటే ప్రోగ్రామ్ సరిగ్గా ముగియలేదు. కిల్ కొట్టారు, లేదా కంట్రోల్-సి రెండుసార్లు నొక్కారు. ఒక్కసారే నొక్కి ఆగండి, లేదా కంట్రోల్-డితో ఇన్‌పుట్ ముగించండి. ఎర్రర్‌తో ఆగినా సరే, ఫైల్ నిండుతుంది.