వాక్యం పూర్తి కాలేదు

మా పదో తరగతి బ్యాచ్ సంచికకు తలా ఒక బడి జ్ఞాపకం రాసివ్వమని వాట్సాప్ గ్రూపులో అడగ్గానే కబడ్డీ ఒకడు పట్టుకుపోయాడు, వానకు కారే ఆరో తరగతి గది ఇంకొకడు. నాకు మిగిలింది ఇంగ్లీషు గ్రామరు. నవ్వకండి. 1987 పదో తరగతి, తెలుగు మీడియం, బి సెక్షన్, కిటికీ పక్క మూడో బెంచీ. ఆ బెంచీ మీద నేర్చుకున్నవాటిలో ఇప్పటికీ రోజూ పనికొచ్చేది అదొక్కటే.

నూజివీడు చుట్టుపక్కల ఊళ్లలో మార్చి వచ్చిందంటే పిల్లల జేబుల్లో ఉప్పూకారం పొట్లం ఉండాల్సిందే. ఆ రోజు మధ్యాహ్నం మొదటి పీరియడ్‌లో వెనక బెంచీ నుంచి కసుక్కుమని చప్పుడైంది. ఇంగ్లీషు మాస్టారు బెత్తం తీయలేదు. వాణ్ణి బోర్డు దగ్గరికి రమ్మని, చేతిలో ఉన్న మామిడికాయ ముక్క అందరి ముందూ తినమన్నారు. వాడు కొరికాడు. మాస్టారు బోర్డు మీద రాశారు: ‘హి టేస్టెడ్ ద మ్యాంగో.’ ఈలోగా పులుపుకి వాడి కళ్లు మూతలు పడ్డాయి. కింద ఇంకో వాక్యం: ‘ద మ్యాంగో టేస్టెడ్ సోర్.’

“పై వాక్యంలో రుచి చూసిందెవరు?”

“వాడండీ.”

“కింద వాక్యంలో?”

ఎవరూ పలకలేదు. “మామిడికాయకు నోరుందట్రా?” అన్నారు.

తర్వాత అరచేతి అంచుతో రెండు వాక్యాల్లోనూ ‘టేస్టెడ్’ తుడిచేసి, ఆ సుద్దమరక మీదే ‘వాజ్’ రాశారు. ‘ద మ్యాంగో వాజ్ సోర్.’ బాగానే ఉంది, నిలబడింది. పైది చదవమన్నారు. ‘హి వాజ్ ద మ్యాంగో.’ క్లాసు గొల్లుమంది. వాడి పేరు ఆ క్షణం నుంచి మ్యాంగోనే. ఈ సంచిక పనంతా ఇప్పుడు వాడి నెత్తిమీదే ఉంది కాబట్టి ఈ పేరా అచ్చవుతుందో లేదో నాకు అనుమానమే.

మాస్టారు నేర్పిన మొదటి పరీక్ష అది. వెర్బు తీసేసి దాని చోట ఈజో, వాజో పెట్టు. వాక్యం నిలబడితే అది లింకింగ్ వెర్బు, అంటే సబ్జెక్టుని వెనక మాటతో కలిపే వంతెన. దాని వెనక వచ్చేది కాంప్లిమెంటు. అది సబ్జెక్టు ఎవరో అయినా చెబుతుంది, ఎలా ఉందో అయినా చెబుతుంది. లుక్, సౌండ్, స్మెల్, సీమ్, అప్పియర్, బికమ్, గ్రో, టర్న్ అంటూ మేం ఎక్కాల్లాగా వల్లిస్తుంటే ఆయనకు నచ్చేది కాదు. “పిల్లాడు గ్రూ టాల్, వాళ్ల నాన్న గ్రూ షుగర్‌కేన్. వెర్బు ఒకటే, పని ఒకటేనా?” అనేవారు. ‘షి ఈజ్ సింగింగ్’లో ఈజ్ కనబడింది కదా అని లింకింగ్ అని రాసి బిట్ పేపర్లో అరమార్కు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. అక్కడ ఈజ్ సింగింగ్‌కు తోడొచ్చిన సహాయక క్రియ, అంతే.

నామవాచకం వస్తే ఇంకో పరీక్ష: తలకాయలు లెక్కపెట్టడం. ‘హి మెట్ ఎ డాక్టర్’లో ఎన్ని తలకాయలు? రెండు. కాబట్టి డాక్టరు ఆబ్జెక్టు. ‘హి బికేమ్ ఎ డాక్టర్’లో? ఒకటే. వాడే డాక్టరు, కాబట్టి కాంప్లిమెంటు. మా క్లాస్ ఫస్టమ్మాయి లేచి, “మరి ‘హి హర్ట్ హిమ్‌సెల్ఫ్’ అంటే తలకాయ ఒకటే కదండీ?” అంది. మాస్టారు సుద్దముక్క కింద పెట్టి, “రేపు చెబుతా కూర్చో” అన్నారు. మర్నాడు హాజరు కూడా వేయకుండా మొదలెట్టారు: “తలకాయ ఒకటేనమ్మా, కానీ దెబ్బ తగిలింది. తగిలితే ఆబ్జెక్టే.” రాత్రంతా ఆలోచించి వచ్చిన మనిషి మొహం అలా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

అన్నిటికన్నా పెద్ద గొయ్యి మన ‘గా’ దగ్గర ఉంది. సంతోషంగా అంటే హ్యాపిలీ, తియ్యగా అంటే స్వీట్లీ అని బట్టీ పట్టాం కదా, ‘గా’ కనబడిన చోటల్లా ‘లీ’ తగిలించేవాళ్లం. ‘అతను సంతోషంగా పాడాడు’, ‘అతను సంతోషంగా ఉన్నాడు’ అని రెండింటికీ తెలుగు ఒకే ‘గా’ వాడుతుంది. ఇంగ్లీషుకి అది కుదరదు. పాడడమనే పని ఎలా జరిగిందో చెబితే హ్యాపిలీ, మనిషి ఎలా ఉన్నాడో చెబితే ఉత్త హ్యాపీ. మాస్టారి చిట్కా ఏమిటంటే, ‘గా’ తర్వాత ఏముందో చూడు. ఉన్నాడు, ఉంది, కనిపించింది, అనిపించింది లాంటివుంటే ‘లీ’ జోలికి పోకు. ‘ద డాగ్ స్మెల్స్ బ్యాడ్’ అంటే కుక్కకు స్నానం చేయించాలి, ‘స్మెల్స్ బ్యాడ్లీ’ అంటే దాని ముక్కు సరిగా పనిచేయడం లేదని. ఈ జోకు ఆయన ఏటా ఒకసారి వేసేవారట, మా అన్నయ్య బ్యాచ్ వాళ్లూ చెప్పారు.

ఉద్యోగంలో చేరాక ఓసారి ఆఫీసు నోట్‌లో ‘ద బ్యాలెన్స్ అప్పియర్స్ కరెక్ట్’ అని రాశాను. పై అధికారి ఎర్ర పెన్నుతో చివర ‘లీ’ తగిలించి వెనక్కి పంపాడు. నేను రాసింది నిల్వ సరిగ్గా ఉన్నట్టే తోస్తోందని. ఆయన దిద్దాక అది కాగితం మీద ఆ అంకె సరిగ్గానే కనబడుతోందని అయింది. లెక్క తప్పయినా అంకె చక్కగా కనబడొచ్చు కదండీ అన్నాను. “సరిగ్గా అంటే కరెక్ట్లీ కాదుటయ్యా?” అన్నాడాయన. మా మాస్టారి క్లాసులో కూర్చోని మనిషితో ఏం వాదిస్తాం? సంతకం పెట్టి ఇచ్చేశాను.

స్టాఫ్ రూములో దీని మీద మా తెలుగు మాస్టారు ఈయన్ని ఏడిపించేవారు. “మాకు మీ లింకింగ్ వెర్బే అక్కర్లేదండీ. మేము రైతులం, నువ్వు మొనగాడివి. క్రియ ఏదీ? క్రియారహిత వాక్యం!” నిజమే. రైతులు ‘రైతులం’ అయ్యేసరికి అది ఎవరి గురించో దాని తోకే చెప్పేస్తుంది, మధ్యలో వంతెనతో పని లేదు. మేం ‘వి ఫార్మర్స్’ అని రాసి ‘ఆర్’ మింగేయడానికి కారణం కూడా అదే. మాస్టారు మాత్రం దానికి మార్కులు ఇవ్వలేదు.

కొన్ని క్రియలు ఒంటరిగా నిలవలేవు. పాత గ్రామరు పుస్తకాలు వాటిని ‘వెర్బ్స్ ఆఫ్ ఇన్‌కంప్లీట్ ప్రెడికేషన్’ అనేవి. ఆ పేరు నోరు తిరక్క మేం అవస్థ పడుతుంటే ఇంగ్లీషు మాస్టారు ‘హి బికేమ్...’ అని ఆపేసి వరండాలోకి వెళ్లి కూజాలో నీళ్లు తాగి వచ్చేవారు. మేం నోళ్లు తెరుచుకుని కూర్చునేవాళ్లం. “ఏమయ్యాడో తెలుసుకోవాలని ఉంది కదూ? ఇన్‌కంప్లీట్ అంటే అదే.”

మొన్న ఏప్రిల్‌లో విజయవాడలో వాళ్లబ్బాయి ఇంటికి వెళ్లాను, ఆయన్ని చూసి రెండు దశాబ్దాలు దాటింది. తలుపు కొట్టాను.

“ఎవరూ?”

“నేనండీ.”

లోపల కుర్చీ జరిగిన చప్పుడు. చేతికర్ర టక్కుటక్కుమంటూ తలుపు దాకా వచ్చింది, తలుపు మాత్రం తెరుచుకోలేదు.

“నేను అంటే? వాక్యం పూర్తి చెయ్యి.”

“ఎనభై ఏడు బ్యాచ్‌వాణ్ణండీ. బి సెక్షన్, మూడో బెంచీ.”

గడియ తీశారు. బాగా చిక్కిపోయారు. కళ్లద్దాలు పైకి తోసుకుని నా మొహంలోకి కాసేపు చూశారు.

“మామిడికాయ నీదేనా?”

“నాది కాదండీ,” అన్నాను.