కింద తిరుపతిలో క్లావే

నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్‌లో తిరుపతికి వెళ్లేవారిని తోటి ప్రయాణికులు అడిగే మొదటి ప్రశ్న దర్శనం టికెట్టు ఏ పూటకు దొరికిందన్నదే. నా దగ్గరున్న టికెట్టు శనివారం సాయంత్రానిదనీ, అది కొండ మీదకు కాక కొండ కింద ఒక కల్యాణమండపంలో జరిగే సాల్సా కచేరీకి అనీ చెప్పినప్పుడు, ఎదుటి బెర్తులోని పెద్దాయన కాసేపు ఆలోచించి, "అయితే స్వామిని చూడకుండానే వచ్చేస్తారా?" అని మాత్రం అడిగారు. సాల్సా అంటే ఏమిటని ఆయన అడగలేదు. అడిగి ఉంటే క్యూబా తూర్పు ప్రాంతంలో పుట్టిన సోన్ సంగీతం హవానా మీదుగా న్యూయార్క్ చేరి, అక్కడి వలసకుటుంబాల పేటల్లో పెరిగి, 1964లో మొదలైన ఫానియా రికార్డుల కంపెనీ చేతుల మీదుగా సాల్సా అన్న పేరుతో లోకమంతా తిరిగిందని గూడూరు వచ్చేదాకా చెప్పేవాణ్ని.

తిరుపతిలో ఈ కచేరీలు నడుపుతున్నామె బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ అక్కడి డ్యాన్స్ బృందాలలో సాల్సా నేర్చుకున్నారు. సొంత ఊరికి తిరిగి వచ్చాక బైరాగిపట్టెడలో ఒక మేడ మీద తరగతులు పెట్టారు. తరగతులకు పిల్లలు, ఉద్యోగులు బాగానే వస్తున్నారు. అయితే స్పీకరులో పాట పెట్టి అడుగులు నేర్పడంతో ఆమె తృప్తిపడలేదు. ఊళ్లో వాయించేవాళ్లు ఉండగా యంత్రం ముందు ఎందుకు ఆడాలన్నది ఆమె పట్టుదల. నెలకొక సాయంత్రం అచ్చంగా మనుషులు వాయించే సంగీతానికి ఆడాలని నియమం పెట్టుకున్నారు. ఆ నియమం నిలబడుతున్న తీరు చూద్దామనే నేను బయలుదేరాను.

మధ్యాహ్నం సాధన గాంధీ రోడ్డు వెనుక సందులో ఉన్న ఒక బ్యాండు సెట్టు దుకాణంలో జరిగింది. గోడకు బంగారు అల్లికల ఎర్రకోట్లు వేలాడుతున్నాయి, వాటి కింద ఇద్దరు ట్రంపెట్ వాద్యకారులు బనియన్లతో కూర్చుని ఉన్నారు. పెండ్లి ఊరేగింపులలో దశాబ్దాలుగా వాయిస్తున్న ఆ పెద్దవారికి పాశ్చాత్య స్వరలిపి చదవడం రాదు. అందుకని కీబోర్డు వాయించే కుర్రవాడు ట్రంపెట్ వరుసలన్నీ పొడుగు నోటుపుస్తకంలో సరిగమలుగా రాసి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఎర్రసిరాతో గుర్తులు పెట్టాడు. టింబాలెలు కొనే స్తోమత లేక, బ్యాండులోని సైడ్ డ్రమ్ముకు అడుగున ఉండే తీగలను వదులు చేసి వాడుతున్నారు. టింబాలె కూడా లోహపు చట్రం మీద అలాంటి తీగలు లేకుండా చర్మం బిగించిన వాద్యమే కాబట్టి శబ్దం దాదాపు దగ్గరికి వచ్చింది. గంట మాత్రం పడమటి మండలాల సంతలో కొన్న ఎద్దుగంట, నాలుక తీసేసి పుల్లతో కొడుతున్నారు. క్యూబాలో కూడా ఈ వాద్యం పశువుల మెడలోంచే వచ్చింది గనుక దీన్ని నకిలీ అనడానికి వీలులేదు.

లయ చూపడానికి ఒకదానితో ఒకటి కొట్టే కర్రలైన క్లావేలు రెండు చింతకర్ర ముక్కలు, వడ్రంగి చేత నునుపు చేయించినవి. శేషాచలం అడవుల ఎర్రచందనం అయితే ఇంకా ఖంగుమంటుందని ఒకడన్నాడు. అప్పుడు కచేరీ జైల్లో పెట్టుకోవాలని ఇంకొకడన్నాడు.

చేతులతో కొట్టే పొడుగు డోళ్లైన కాంగాలు వాయించే యువకుడు మృదంగ విద్యార్థి. ఆ మధ్యాహ్నం అతని పక్కన కూర్చోవడమే ఈ ప్రయాణంలో నాకు దక్కిన పెద్ద లాభం. ఆ కర్రలు వాయించే లయ పేరు కూడా క్లావేనే. లాటిన్ సంగీతానికి వెన్నెముక అయిన ఆ క్లావే రెండు భాగాలుగా పడే ఐదు దెబ్బల వరుస. మొదటి భాగంలో మూడు, రెండో భాగంలో రెండు. పాశ్చాత్య పుస్తకాలలో చుక్కలతో, గీతలతో చూపే ఈ లెక్కను అతను ఆదితాళం వేస్తూ ఒక్క ఊపిరిలో చెప్పేశాడు: "తకిట తకిట తకధిమి తక తకధిమి." మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు, మొత్తం పదహారు. ప్రతి జతి మొదటి అక్షరం మీద కర్ర పడితే అదే క్లావే. తాళంలోని ఎనిమిది క్రియలే నర్తకులు లెక్కపెట్టే ఎనిమిది అంకెలు కావడం వల్ల, మధ్యవేలు ఎంచే నాలుగో చోట, చేయి విసిరే ఎనిమిదో చోట అడుగు ఆగుతుంది. నేను ఏళ్ల తరబడి రికార్డులు వింటూ పట్టుకోలేకపోయిన ఆ విరామం వేళ్ల మీద దొరికింది. అయితే అతను వెంటనే హెచ్చరించాడు కూడా. మన తాళంలో మృదంగం ఎంత దూరం వెళ్లినా తాళం మొదలయ్యే సమం దగ్గర కలిస్తే చాలు, ఇక్కడ ప్రతి వాద్యమూ ప్రతి క్షణమూ ఆ ఐదు దెబ్బలకు లోబడి నడవాలి. మూడు వైపు ఉండాల్సిన పలుకు రెండు వైపుకు జారితే పాట మొత్తం అడ్డం తిరుగుతుంది. ఈ కారణం చేతనే అన్నమయ్య కీర్తనను సాల్సాలో వాయించమని ఎవరో ధనవంతులు అడిగితే వీరు ఒప్పుకోలేదట. అపచారమని కాదు, ఆ సాహిత్యపు నడక క్లావే కోసం కట్టింది కాదని. ఆ నిరాకరణ నాకు ఎంతో నచ్చింది.

పెద్ద ట్రంపెట్ ఆయన ఈ చర్చనంతా విని, పిస్టన్లకు నూనె వేసుకుంటూ, "ఇది పాట మాదిరి లేదు సార్, గంగజాతరలో పలకల మాదిరి ఉండాది. ఆడేవోళ్లు నిలబడిపోతే మనం తప్పు వాయిస్తా ఉన్నట్టే" అన్నారు. తాతయ్యగుంట గంగమ్మ జాతర ముగిసి కొన్ని వారాలే అయింది. బైరాగి వేషం నుంచి మాతంగి వేషం వరకు ఊరు ఊరంతా వేషాలు కట్టి వీధుల్లో ఆడే ఈ పట్టణానికి నృత్యం కొత్త కాదు, చేతులు పట్టుకుని జంటగా ఆడటమే కొత్త. అందుకే కచేరీ సాయంత్రం ఐదున్నరకు మొదలై ఎనిమిదిన్నరకు ముగుస్తుంది. తల్లిదండ్రులకు గోడ వారగా కుర్చీలు వేస్తారు.

మండపం చిన్నది. ముహూర్తాలు లేని రోజైతే అద్దె సగానికి దిగుతుంది. ఆ రోజున బ్యాండు వాళ్లకు కూడా పని ఉండదు. కనుక నిర్వాహకురాలు ప్రతి నెలా పంచాంగం ముందు పెట్టుకుని, పెళ్లిళ్లకు పనికిరాని శనివారాన్ని వెతికి కచేరీ పెడతారు. లాటిన్ సంగీతం చరిత్రలో ఇంత ముచ్చటైన తేదీ నిర్ణయం ఇంకెక్కడా జరిగి ఉండదని నా అభిప్రాయం. పంచాంగం చూడటం సులువే, అసలు చిక్కు డబ్బు దగ్గర ఉంది. ఇతర నగరాలలో ఇలాంటి రాత్రులకు వాద్యకారుల జీతం బారు మీద వచ్చే ఆదాయంలోంచి వస్తుంది. ఆడేవాళ్లు నీళ్లు తప్ప పెద్దగా ఏమీ తాగరని యజమానులు అన్నిచోట్లా మొత్తుకుంటూనే ఉంటారు. న్యూయార్క్‌లోని పల్లాడియం బాల్‌రూమ్ సంగతే తీసుకుంటే, మాచితో, టీటో ప్వెంతే, టీటో రోద్రిగేస్ బృందాలు పోటాపోటీగా వాయించిన ఆ మాంబో నృత్య మందిరం, 1961లో మద్యం లైసెన్సు పోయాక కుదుటపడలేక 1966లో మూతపడింది. అక్కడ వాద్యకారులకు గానీ నర్తకులకు గానీ కొరత రాలేదు, సంగీతానికి సంగీతంగా ఎవరూ వెల కట్టకపోవడమే కొంప ముంచింది. తిరుపతిలో మొదటి నుంచీ మద్యం ప్రసక్తి లేదు, మెట్ల దగ్గర బాదంపాలు మాత్రం అమ్ముతారు. కాబట్టి ఆ పాఠం ఇక్కడివారికి మొదటి నెలలోనే వచ్చేసింది.

టికెట్టు 200 రూపాయలు. అది మండపానికి, కరెంటుకు, మైకుకు సరిపోతుంది. వాద్యకారుల పారితోషికం కోసం వీరు గుళ్ల పద్ధతిని తీసుకున్నారు. ఊరి ఉత్సవాలలో ఒక్కో రోజు ఖర్చును ఒక్కో కుటుంబం ఉభయంగా భరించినట్టే, ఒక్కో నెల వాద్యకారుల ఖర్చును ఒకరు భరిస్తారు. ఆ నెల ఉభయదారు పేరు కచేరీ ముందు ఒక్కసారి చదువుతారు. ఫ్లెక్సీ కట్టరు. ప్రతి కూడలిలోనూ ఎవరో ఒకరు నవ్వుతూ నమస్కారం పెట్టే ఫ్లెక్సీ ఉండే ఈ ఊళ్లో ఆ షరతుకు ఒప్పుకునేవారు దొరకడమే విశేషం. ఆ నెల ఉభయదారు హోటల్ నడిపే ఒకాయన. పేరు చదివేసరికి సిగ్గుపడి వెనక వరుసలోకి జరిగారు.

కచేరీ గురించి ఉన్నమాట చెప్పాలి. మొదటి రెండు పాటల్లో బేస్ గిటారు మిగతావాళ్ల కంటే ముందుకు పరుగెత్తింది. ఆడుతున్నవాళ్లు మొహాలు చూసుకున్నారు. మూడో పాటలో కీబోర్డు మోంతూనో పట్టుకుని, అదే చిన్న పలుకును మళ్లీ మళ్లీ తిప్పుతూ ఉండగా, కాంగాల మీద మణికట్టు దిగువ, వేళ్ల కొసలు ఒకదాని వెంట ఒకటి పడే ఆ ఊగుడు స్థిరపడింది. ట్రంపెట్లు రెండూ ఒక్కసారిగా లేచేసరికి ఇరవై జంటల దాకా ఒకే చోట ఆగి ఒకే చోట కదిలాయి. గోడ వారగా కూర్చున్న ఒక అమ్మ తన ఒడిలో ఆదితాళం వేయడం మొదలుపెట్టింది. పెద్ద ట్రంపెట్ ఆయన నోటుపుస్తకం వైపు చూడటం మానేసి నర్తకుల కాళ్ల వైపే చూస్తూ వాయించారు. ఎవరైనా అలసి వేగం తగ్గితే పలుకు పొడిగించి ఊపిరి అందించేవారు, ఎవరైనా తిప్పుతుంటే చివర చిన్న మెలిక వేసేవారు. స్పీకరు ఎన్ని లక్షలదైనా ఆడేవాళ్ల కాళ్లు చూడగలదా.

నిర్వాహకురాలి ఫిర్యాదు ఒక్కటే. తరగతులకు నెలనెలా రుసుము కట్టేవాళ్లలో సగానికి పైగా ఈ సాయంత్రాలకు రారు. ఫోనులో ఉచితంగా దొరికే పాటకు ఇంట్లో సాధన చేసుకుంటే చాలదా అంటారట. "అడుగులు మా దగ్గర నేర్చుకుంటారు సార్, ట్రంపెట్ ఆయన ఇల్లు మాత్రం ముహూర్తాల మీదనే నడవాల" అన్నారామె. ముందు రాబోయేది ఆషాఢం. పెళ్లిళ్లు ఉండవు, బ్యాండు వాళ్లకు నెల పొడుగునా ఆదాయం ఉండదు, మండపాలు ఖాళీగా ఉంటాయి. కనుక ఆ మాసంలో ఒకటికి బదులు ప్రతి శనివారమూ కచేరీ పెడదామని ఆ రాత్రే తీర్మానించారు. ఆషాఢం రెండో శనివారం ఉభయానికి నా పేరు రాయించాను. బడులు తెరిచే రోజులు కావడం వల్ల పారితోషికం కచేరీ దాకా ఆపకుండా ముందే ఇవ్వగలరా అని ఆమె మొహమాటంగా అడిగారు. మెట్ల మీదే ఫోను తీసి పంపాను, మొదటి శనివారానికి ఇంకా ఎవరూ ముందుకు రాలేదని ఆమె చెప్పగానే విజయవాడలో ఎవరిని అడగాలా అని లెక్కలు వేసుకుంటూ స్టేషనుకు ఆటో ఎక్కాను.