షేరు ఎక్కడుంది? డబ్బు ఎవరి ఖాతాలో పడింది?

స్టాక్ మార్కెట్ మోసాల మీద రాసే ప్రతివాళ్లూ ‘అత్యాశకు పోకండి’ అని చెప్పి చేతులు దులుపుకుంటారు. దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. మోసపోయినవాళ్లలో రిటైరైన బ్యాంకు ఆఫీసర్లున్నారు, డాక్టర్లున్నారు, సాఫ్ట్‌వేర్ వాళ్లున్నారు. వీళ్లకు లెక్కలు రావని ఎవరంటారు? ఎక్కడ చూడాలో ఎవరూ చెప్పలేదు, అంతే.

షేర్ల పేరుతో జరిగే మోసాలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకదాంట్లో అసలు షేరే ఉండదు, ఫోన్ తెర మీద అంకెలు మాత్రం పెరుగుతుంటాయి. రెండోదాంట్లో షేరు నిజమైనదే, దాని ధర వెనక కథ అబద్ధం. రెండింటినీ పట్టుకునే దారులు వేరు.

మొదటి రకం ఇలా నడుస్తుంది. టీవీలో కనిపించే మార్కెట్ నిపుణుడి ఫొటోతో ఫేస్‌బుక్‌లో ప్రకటన వస్తుంది. నొక్కితే వాట్సాప్ గ్రూపు. అందులో ఒక ‘ప్రొఫెసర్’, ఆయనకో ‘అసిస్టెంట్’, రోజూ లాభాల స్క్రీన్‌షాట్లు పెట్టే సభ్యులు. ఆ సభ్యుల్లో ఎక్కువమంది వాళ్ల మనుషులే. కొన్నాళ్లు ఉచితంగా టిప్స్ ఇస్తారు, వాటిలో కొన్ని ఫలిస్తాయి కూడా. ఆ తరవాత ‘ఇన్‌స్టిట్యూషనల్ అకౌంట్’ తెరిపిస్తాం, మామూలు వాళ్లకు దొరకని తక్కువ ధరకు షేర్లు ఇప్పిస్తాం అంటూ ఒక యాప్ లింకు పంపుతారు. మొదట పదివేలు వేయించి, రెండు వేలు వెనక్కి తీసుకోనిస్తారు. ఆ రెండు వేలే వాళ్ల పెట్టుబడి. నమ్మకం కుదిరాక ఐపీఓ (కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మడం) ఎర వేస్తారు. మీరు లక్షకు అప్లై చేస్తే ‘అదృష్టం, పన్నెండు లక్షల విలువైన షేర్లు అలాటయ్యాయి, మిగతా పదకొండు లక్షలు రేపటిలోగా కట్టకపోతే అకౌంట్ ఫ్రీజ్ అవుతుంది’ అంటారు.

ఇక్కడే దొరికిపోతారు. మన దేశంలో ఐపీఓకి అప్లై చేసినప్పుడు డబ్బు మన ఖాతా దాటి పోదు. అస్బా పద్ధతిలో అది మన బ్యాంకులోనే బ్లాక్ అవుతుంది, షేర్లు వస్తేనే తీసుకుంటారు, రాకపోతే బ్లాక్ తీసేస్తారు. అప్లై చేసినదాని కంటే ఎక్కువ అలాట్ కావడమన్నదే లేదు. ఇన్‌స్టిట్యూషనల్ అకౌంట్ కథా అంతే. విదేశీ సంస్థల పేరు చెప్పి ఇలాంటి ఖాతాలు ఇప్పిస్తామనేవాళ్లను నమ్మొద్దని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఇక్కడ నివసించే మామూలు మదుపరికి ఆ దారే లేదు.

యాప్ ఎంత నీటుగా ఉన్నా దాన్ని చూసి ఏమీ తేల్చలేం. డబ్బు ఎవరి ఖాతాకు పంపమంటున్నారో చూడండి. బ్రోకర్‌కు పంపే డబ్బు బ్రోకర్ పేరున ఉన్న ఖాతాలో పడాలి. వీళ్లిచ్చే ఖాతాలు ఏదో ‘ఎంటర్‌ప్రైజెస్’, ‘ట్రేడర్స్’, లేదా ఎవరో మనిషి పేరున ఉంటాయి, పైగా రెండు రోజులకోసారి మారిపోతుంటాయి. అద్దెకు తెచ్చిన ఖాతాలు కదా, ఫ్రీజ్ అవుతుంటాయి మరి. 2025 అక్టోబరు నుంచి నమోదైన బ్రోకర్లకూ, మ్యూచువల్ ఫండ్లకూ ‘వ్యాలిడ్’ అనే మాట ఉండే ప్రత్యేక యూపీఐ ఐడీలు వచ్చాయి. డబ్బు పంపేటప్పుడు ఆకుపచ్చ త్రికోణంలో బొటనవేలి గుర్తు కనబడుతుంది. సెబీ పెట్టిన ‘సెబీ చెక్’ అనే తనిఖీ సదుపాయంలో ఆ యూపీఐ ఐడీనో, ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌నో కొట్టి చూసుకోవచ్చు. రెండు నిమిషాల పని.

షేర్లు నిజంగా కొన్నారో లేదో తేల్చడానికి ఇంకో దారుంది. డీమ్యాట్ (ఎలక్ట్రానిక్ షేర్ల ఖాతా)లో ఉన్న ప్రతి షేరూ, షేర్ల ఖాతాలను భద్రపరిచే డిపాజిటరీలైన ఎన్‌ఎస్‌డీఎల్‌లోనో సీడీఎస్‌ఎల్‌లోనో కనబడి తీరాలి. సీడీఎస్‌ఎల్ ఖాతా అయితే ‘ఈజీ’, ఎన్‌ఎస్‌డీఎల్ అయితే ‘ఐడియాస్’ లాగిన్ తీసుకుని నేరుగా చూసుకోండి. యాప్‌లో నలభై లక్షలు చూపిస్తూ డిపాజిటరీలో సున్నా ఉందంటే ఆ నలభై లక్షలు బొమ్మ.

చివరి అంకం డబ్బు వెనక్కి తీసుకోబోయినప్పుడు. ‘లాభంపై 20 శాతం పన్ను ముందు కట్టండి’ అంటారు. చదువుకున్నవాళ్లు కూడా పడిపోయేది ఇక్కడే, ఎందుకంటే ఆ అంకె తప్పు కాదు. ఏడాదిలోపు అమ్మిన లిస్టెడ్ షేర్ల లాభంపై పన్ను 20 శాతమే. కాకపోతే ఇక్కడ నివసించేవాళ్లు దాన్ని తమ పాన్ మీద ఆదాయపు పన్ను శాఖకే కట్టుకుంటారు, బ్రోకర్ చేతికి ఇవ్వరు. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు టీడీఎస్ ఉంటుంది గానీ, అది వచ్చే డబ్బులోంచే కోసుకుని మిగతాది వేస్తారు. డబ్బు రావాలంటే ఇంకా డబ్బు కట్టమన్నారంటే అక్కడితో ఆపేయాల్సిందే. ఆ పన్ను కడితే తరవాత ‘సర్వీస్ ఛార్జీ’, ఆ తరవాత ‘మనీ లాండరింగ్ క్లియరెన్స్’.

రెండో రకం ఇంతకంటే కష్టం. షేరు మీ డీమ్యాట్‌లోకి నిజంగానే వస్తుంది, బ్రోకర్ అసలైనవాడే. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి (బీఎస్‌ఈ)లో లిస్టయిన సాధ్నా బ్రాడ్‌కాస్ట్ అనే చిన్న టీవీ కంపెనీ సంగతి చూడండి. 2022 జూలైలో, ఈ కంపెనీని అదానీ గ్రూపు కొనబోతోందని యూట్యూబ్‌లో వీడియోలు వచ్చాయి. వాటిని జనానికి చేర్చడానికి ప్రకటనల మీద డబ్బు కుమ్మరించారు. వీడియోలు చూసి జనం ఎగబడి కొన్నారు. ఆ సమయంలోనే కొందరు ప్రమోటర్లూ (కంపెనీని చేతిలో పెట్టుకున్న యజమానులు), కంపెనీ పెద్దలూ తమ వాటాలు అమ్ముకున్నారు. చిన్న వాటాదారుల సంఖ్య రెండు వేల చిల్లర నుంచి 55 వేలు దాటింది. సెబీ 2023 మార్చిలో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చేసరికి ఆ 55 వేల మంది చేతిలో షేర్లు మిగిలాయి, అమ్మినవాళ్ల చేతిలో డబ్బు మిగిలింది.

అలాంటి టిప్ వస్తే బీఎస్‌ఈ సైట్‌లో కంపెనీ పేరు కొట్టి మూడు చోట్ల చూడండి. ముందు కార్పొరేట్ అనౌన్స్‌మెంట్లు. పెద్ద ఆర్డరు, టేకోవర్ లాంటి ముఖ్యమైన విషయం ఏదైనా ఉంటే కంపెనీ ఎక్స్ఛేంజికి తెలపాలి. వీడియోలో ఉండి అక్కడ లేదంటే నమ్మడానికి ఆధారం లేనట్టే. తరవాత మూడు నెలలకోసారి వచ్చే షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్. నాలుగు త్రైమాసికాలు పక్కపక్కన పెట్టండి. ప్రమోటర్ వాటా తగ్గుతూ, చిన్న వాటాదారుల సంఖ్య ఒక్కసారి పదింతలైతే ఎవరు ఎవరికి అమ్మారో వేరే చెప్పక్కర్లేదు.

మూడోది చాలామంది చూడనిది: ప్రిఫరెన్షియల్ అలాట్‌మెంట్. కంపెనీ కొందరికి తక్కువ ధరకు కొత్త షేర్లు జారీ చేస్తుంది. ప్రమోటర్లు కానివాళ్లకు వాటి లాకిన్, అంటే అమ్మకూడని గడువు, ఆరు నెలలు. మీకు టిప్పు వచ్చిన తేదీ ఆ లాకిన్ ముగిసే తేదీకి దగ్గరగా ఉంటే, వాళ్లకు అమ్ముకోవడానికి మనుషులు కావాలని అర్థం.

రోజూ అప్పర్ సర్క్యూట్ (ఒక రోజులో ధర పెరగగల పై హద్దు) కొడుతోందన్నది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. 5 శాతం సర్క్యూట్ ఉన్న చిన్న షేరును రోజూ అక్కడికి లాగడానికి కొద్ది వేల షేర్ల లావాదేవీ చాలు. ధరను అలా లాగిన ఆపరేటర్ తన షేర్లన్నీ అమ్మేసుకున్నాక అదే షేరు రోజూ లోయర్ సర్క్యూట్‌లో, అంటే కింది హద్దులో, లాక్ అవుతుంది, మీ అమ్మకం ఆర్డరు వరసలో వేలాది షేర్ల వెనక నిలబడుతుంది. స్టాప్‌లాస్ (ధర ఇంతకు పడితే అమ్మేయమనే ఆర్డరు) పెట్టుకున్నాం కదా అనుకుంటారు. కొనేవాడే లేనప్పుడు స్టాప్‌లాస్ ఏం చేస్తుంది? ఆర్డరు పెట్టేటప్పుడు జీఎస్‌ఎం, ఏఎస్‌ఎం, ఈఎస్‌ఎం అని హెచ్చరిక వస్తే అది ఎక్స్ఛేంజి నిఘాలో ఉందని. చాలామంది ‘ఓకే’ నొక్కి ముందుకు పోతారు.

సలహా ఇచ్చేవాడికి సెబీ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగమంటారు కదా, అది సగం సలహాయే. అడ్వైజర్ల నంబరు ఐఎన్‌ఏతోనూ, రీసెర్చ్ అనలిస్టులది ఐఎన్‌హెచ్‌తోనూ మొదలవుతుంది. మోసగాళ్లు వేరేవాళ్ల నంబరును అచ్చంగా ఎత్తేసి పెట్టుకుంటున్నారు. అందుకని నంబరు సరిపోయిందని ఆగొద్దు. సెబీ సైట్‌లో ఆ పేరు ఎదురుగా ఉన్న ఫోనుకు గానీ మెయిలుకు గానీ సంప్రదించి, ఈ గ్రూపు మీదేనా అని అడగండి. ‘మేం సలహాలివ్వం, పాఠాలే చెప్తాం’ అనేవాళ్లకు కొలత వేరే ఉంది. పాఠం పేరుతో వాడే షేర్ల ధరలు మూడు నెలల పాతవి అయ్యుండాలని సెబీ 2025 జనవరి సర్క్యులర్‌లో చెప్పింది. ఇవాళ్టి చార్టు పెట్టి టార్గెట్ చెప్తున్నారంటే అది పాఠం కాదు. ‘బాప్ ఆఫ్ చార్ట్’ పేరుతో కోర్సులు అమ్మినాయన మీద 2023 అక్టోబరులో సెబీ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, కోర్సుల మీద 17 కోట్లకు పైగా వసూలైంది, ట్రేడింగ్‌లో మాత్రం రెండున్నరేళ్లలో ఆయనకొచ్చింది నష్టమే.

డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ప్రతి లావాదేవీ యూటీఆర్ నంబరు (బ్యాంకు ఇచ్చే లావాదేవీ గుర్తింపు సంఖ్య), తేదీ, మొత్తం, అవతలి ఖాతా నంబరు కాగితం మీద రాసి పెట్టుకుని చేయండి. ఆ డబ్బు గంటల్లో నాలుగైదు ఖాతాలు మారిపోతుంది, ఇంకా మిగిలున్న చోట ఆపించడమే 1930 పని. ఫిర్యాదు రసీదు నంబరు జాగ్రత్త. గ్రూపులోంచి బయటికి రాకముందే చాట్ ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, బయటపడితే వాళ్లు అన్నీ చెరిపేస్తారు. నమోదైన బ్రోకర్ లేదా అడ్వైజర్ మీద ఫిర్యాదైతే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో పెట్టాలి. నకిలీ యాప్ కేసుకు అది పనికిరాదు, పోలీసులే దారి.

ఫ్రీజ్ అయిన డబ్బు ఎక్కువగా కోర్టు ఉత్తర్వుతో వెనక్కొస్తుంది. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇప్పించారు. ఈలోగా ‘మీ డబ్బు మేం రికవర్ చేస్తాం, ముందు ఫీజు కట్టండి’ అంటూ ఫోన్లు మొదలవుతాయి. మీ నంబరు, పోయిన మొత్తంతో సహా, వాళ్లకు అమ్మింది ఆ మొదటి ముఠాయే కావచ్చు.