లిస్టులో నా పేరు

2023 ఫిబ్రవరిలో హెచ్‌ఆర్ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను మంచం మీదున్నాను. ఊపిరితిత్తుల టీబీ అని తేలి మూడు నెలలైంది. పరగడుపున మాత్రలు మింగితే మధ్యాహ్నం దాకా కడుపులో తిప్పేది. సంగటి ముద్ద చూసినా వాంతి వచ్చేటట్టుండేది.

తిరుపతి దగ్గర గాజులమండ్యం వైపు ఒక ఫ్యాక్టరీలో 2014 నుంచి మెషిన్ ఆపరేటర్‌ని. దాన్ని వేరే కంపెనీ కొంటోందని అందరికీ తెలుసు. ఎవర్ని ఉంచుకుంటారన్నదే తెలీదు.

మా ఆవిడను తోడు తీసుకొని పోయాను. నాకు తలుపు దగ్గర దూరంగా కుర్చీ వేశారు. టీబీ కదా! హెచ్‌ఆర్ ఆయన నెమ్మదిగానే చెప్పాడు: "హాజరు చూసి ఎవర్ని ఉంచుకోవాలో లిస్ట్ చేశాం. గడిచిన ఏడాదిలో మీకు 240 రోజుల హాజరు లేదు." అని, టైపు చేసిన కాగితం ఒకటి చేతికిచ్చాడు. స్వంత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నానని ఉంది. సంతకం పెడితే పీఎఫ్ తొందరగా వస్తుందట.

నిజం చెప్తున్నా, పెట్టేసేవాణ్ణే. అంత నీరసంగా ఉన్నాను. మా ఆవిడ ఆ కాగితం మడిచి సంచీలో పెట్టుకొని, "చదువుకొని చెప్తాం సార్" అని లేచింది.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు, మిల్లులో యూనియన్ నడిపినాయన. కాగితం చూసి, "ఇది ఇస్తే నువ్వే పోయినట్టు రా అబ్బాయ్, వాళ్ళు తీసేసినట్టు కాదు" అన్నాడు. మర్నాడు ఆయనే లేబర్ ఆఫీసుకు తోడొచ్చాడు.

అక్కడ తెలిసిన మొదటి సంగతి: జబ్బు వల్ల రాకపోయినా సర్వీసు తెగదు. ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) డాక్టరిచ్చిన సర్టిఫికెట్లు వారం వారం ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవడం అదివరకు నాకు పెద్ద తలనొప్పి. ఆ చీటీలే ఇప్పుడు అక్కరకొచ్చాయి. రెండోది, ఒకే రకం పని చేసేవాళ్ళలో మామూలుగా చివర చేరినవాణ్ణే ముందు తీయాలి. నా తర్వాత చేరిన ఇద్దరు ఆపరేటర్లు కొత్త కంపెనీకి పోతున్నారు. పైగా ఈఎస్‌ఐ చట్టం 73వ సెక్షన్ ప్రకారం, సర్టిఫికెట్ మీద సెలవులో ఉన్నవాడికిచ్చే డిస్మిస్, డిశ్చార్జ్ నోటీసు చెల్లదు. కంపెనీ చేతులు మారితే పాత సర్వీసు కలిపి అవే షరతుల మీద కొనసాగించాలి, లేదంటే ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన పరిహారం ఇవ్వాలి. ఇదంతా 1947 పారిశ్రామిక వివాదాల చట్టం, 1948 ఈఎస్‌ఐ చట్టం నాటి మాట. 2025 నవంబరులో వాటి స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి.

సీనియారిటీ లిస్ట్ చూపించమని రెండు కంపెనీలకూ రిజిస్టర్ పోస్టులో ఉత్తరం రాశాం. పది రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఆ పది రోజుల టెన్షన్ దగ్గుకంటే ఎక్కువ నిద్ర చెడగొట్టింది. ఈలోగా జబ్బు సెలవులో ఉన్నవాళ్ళకు ఈఎస్‌ఐ ఇచ్చే 91 రోజుల సిక్‌నెస్ బెనిఫిట్ అయిపోయింది. టీబీ దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉంది కాబట్టి ఆ తర్వాత జీతంలో 80 శాతం లెక్కన డబ్బు వచ్చింది. ఇల్లు దాంతోనే గడిచింది.

లేబర్ ఆఫీసర్ ఇరుపక్కలవాళ్ళనూ పిలిపించారు. మాటలు అరగంట కూడా సాగలేదు. సీనియారిటీ లిస్ట్ తెమ్మనేసరికి నా పేరు ఉంచుకునేవాళ్ళ లిస్టులోకి మారింది.

మే నెలాఖరున ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో పనిలోకి పోయాను. కొత్త ఐడీ కార్డు చేతికి రాగానే మా ఆవిడ ముందు ఫోటో చూడలేదు. చేరిన తేదీ చూసింది. 2014 అనే ఉంది.