ఇరవయ్యొకటో పుట్టినరోజులోపు

పదో తరగతి కాగానే ఎంపీసీయా, బైపీసీయా అన్న ప్రశ్నకు మా తరంలో చాలామందికి ఇంట్లో పెద్దవాళ్లే జవాబు చెప్పేశారు. డాలస్ శివార్లలో పెరుగుతున్న మా అమ్మాయికి ఆ బాధ లేదనుకుంటారు తెనాలిలోని బంధువులు. ఇక్కడ డిగ్రీలో చేరాక కూడా మేజర్, అంటే ప్రధానంగా చదివే విషయం, మార్చుకోవచ్చు, నిజమే. కానీ ఆమె హెచ్-4 వీసా మీద, అంటే ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా మీద, మా వెంట వచ్చిన పిల్ల. 21 ఏళ్లు నిండితే ఆ వీసా చెల్లదు. ఏ దేశానికైనా ఏటా 7 శాతమే అన్న పరిమితి వల్ల గ్రీన్ కార్డుల వరుసలో మా వంతు ఆలోపు రాదు. అప్పటికి ఆమె ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారాలి. తోటి పిల్లలు వేసవిలో ఐస్‌క్రీమ్ దుకాణాల్లో పనిచేస్తారు, ఈమెకు ఆ అనుమతి కూడా లేదు.

"కంప్యూటర్ సైన్స్‌లో చేర్పించమ్మా, ఇక వెనక్కి చూసుకోనక్కర్లేదు" అంటారు మా మామయ్యగారు ఫోనులో. ఆ మాట వెనకున్న ప్రేమ నాకు తెలుసు. అయితే ఏ చదువుకు ఎన్నాళ్లు గిరాకీ ఉంటుందో ఎవరం చెప్పగలం? ఆలోచించి నిర్ణయించుకునే అలవాటైతే ఉద్యోగం మారినా, దేశం మారినా వెంట వస్తుంది. నా బిడ్డకు అది రావాలని నా తపన.

ఆమె మనసు అర్థశాస్త్రం మీద ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త గ్యారీ క్లైన్ చెప్పిన పద్ధతి ఒకటి పాటించాం. అడుగు వేయకముందే, ఆ నిర్ణయం ఘోరంగా విఫలమైందని ఊహించుకుని, ఎందుకు విఫలమైందో ఎవరికి వారు రాయాలి. నేను వీసా గురించి రాశాను, మావారు అప్పు గురించి రాశారు. "లెక్కలు కష్టమై మొదటి ఏడాదే ఇష్టం పోయింది" అని రాసింది తను. మా ఇద్దరికీ అది తట్టనే లేదు. పోయిన వేసవిలో గణాంకశాస్త్రం ముందుగా చదివి చూసుకుంది. కష్టపడింది, ఇష్టం మాత్రం పోలేదు.

నా భయానికి కూడా తనే దారి వెతికింది. ఇప్పటి నియమాల ప్రకారం ఎఫ్-1 విద్యార్థులు చదువయ్యాక ఓపీటీ కింద, అంటే చదివిన రంగంలోనే పనిచేసే అనుమతితో, 12 నెలలు పనిచేయవచ్చు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలోని కోర్సులకైతే మరో 24 నెలలు కలుస్తాయి. ప్రతి కోర్సుకూ ఒక కోడ్ ఉంటుంది. మామూలు అర్థశాస్త్రం కోడ్ ఆ జాబితాలో లేదు, ఆర్థిక విషయాలను గణాంకాలతో పరిశీలించే ఎకనామెట్రిక్స్ కోడ్ ఉంది. కొన్ని విశ్వవిద్యాలయాలు తమ అర్థశాస్త్రం డిగ్రీని ఆ కోడ్ కిందికి మార్చుకున్నాయి. అంటే పట్టా మీద పేరు ఒకటే అయినా ఒకచోట చదివితే ఏడాది అవకాశం, ఇంకోచోట మూడేళ్లు. ఒక్కొక్క కోడ్ వెతికి పట్టిక రాసి చూపించిన రోజు నేను పొంగిపోయాను.

పిల్లలకు స్వేచ్ఛ ఇచ్చామంటూనే మన ఇళ్లలో డబ్బు సంగతి చివరిదాకా దాస్తాం. ఇది నాకు నచ్చదు. హెచ్-4 పిల్లలకు ఫెడరల్ ఆర్థిక సహాయం రాదు కాబట్టి, ఏటా ఎంత కట్టగలమో పదకొండో తరగతిలోనే చెప్పేశాం. ఆ అంకె దాటిన కళాశాలలను జాబితాలోంచి తనే కొట్టేసింది. మిగిలినవాటిలో దేంట్లో చేరాలో మే 1లోపు తేల్చుకోవాలి. ఆ మాట చెప్పాల్సింది ఆమే.